బిల్లు, పొలం లెక్క, తక్‌పట్టీ: వరంగల్ బీటీ పత్తి నిఘాపై కేస్ స్టడీ

2002 ఖరీఫ్‌లో వరంగల్ జిల్లా రైతులు మొదటిసారి బీటీ పత్తి, అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు మార్చిన పత్తి వేశారు. 2005 మే నెలలో అప్పుడు వేసిన మూడు హైబ్రిడ్లకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించడానికి కేంద్ర కమిటీ ఒప్పుకోలేదు. 2006లో విత్తనం ప్యాకెట్ ధర సగానికి పైగా పడిపోయింది. ఈ నాలుగేళ్లలో ఊళ్లలో సేకరించిన సాక్ష్యంలో ఏది నిలబడింది, ఏది తేలిపోయింది, ఎందుకు అన్నది ఈ కేస్ విషయం. ఇప్పుడు కలుపుమందును తట్టుకునే హెచ్‌టీ పత్తి మీద, జన్యువు సవరించిన వరి మీద పనిచేస్తున్న సంఘాలకు పనికొచ్చేలా, ఎవరైనా తమ ఊళ్లో మళ్లీ చేసుకోగలిగేలా కొలతలతో సహా రాస్తున్నాం.

ముందే ఒక మాట. ఆ రోజుల్లో ధర్నాలూ రాస్తారోకోలూ చాలా జరిగాయి. 1998 చివర్లో కర్ణాటకలో ట్రయల్ పొలాలను తగలబెట్టారు కూడా. వాటితో పత్రికలు కదిలాయి. ఫైలు కదిలింది మాత్రం, అదే రైతు దగ్గరికి నెలనెలా వెళ్లి రాసుకున్న లెక్కలతో.

రైతు ఎందుకు కొన్నాడు

బీటీ కొన్న రైతును అమాయకుడిగానో అత్యాశపరుడిగానో చూపిస్తే కేస్ మొదట్లోనే తప్పుతుంది. 1997–98లో అకాల వర్షాల తర్వాత పత్తి మీద పురుగు విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టినా పంట దక్కలేదు. వందల మంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు అమ్మేవాడే అప్పిచ్చేవాడు, ఏ మందు కొట్టాలో చెప్పేవాడూ వాడే. అలాంటి చోట ‘పురుగు తింటే చచ్చిపోయే పత్తి’ వచ్చిందంటే ఎవరైనా ఒక ప్యాకెట్ వేసి చూస్తారు.

2002 మార్చి 26న జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ (జీఈఏసీ) మహికో–మోన్‌శాంటో వాళ్ల మెక్-12, మెక్-162, మెక్-184 హైబ్రిడ్లకు మూడేళ్ల గడువుతో అనుమతి ఇచ్చింది. మూడింటిలోనూ ఉన్నది క్రై1ఏసీ అనే ఒకే జన్యువు. 450 గ్రాముల ప్యాకెట్ 1600 రూపాయలు. మామూలు హైబ్రిడ్ నాలుగైదు వందలకు దొరికేది. బీటీ డబ్బాలో 120 గ్రాముల నాన్-బీటీ విత్తనం విడిగా ఇచ్చేవారు. పొలం చుట్టూ ఐదు వరుసలు గానీ, మొత్తం విస్తీర్ణంలో ఐదో వంతు గానీ, ఏది ఎక్కువైతే అంత మేర దాన్ని వేయాలన్నది షరతు. రెండెకరాల రైతు తన నేలలో ఐదో వంతును పురుగుకు వదలడు. ఆ చిన్న ప్యాకెట్లు చాలావరకు పొలం దాకా రాలేదు. పదేళ్ల తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకి తట్టుకోవడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి. షరతు రాసినవాళ్లు మన కమతం సైజు చూడలేదని మా అభిప్రాయం.

నెలనెలా కొలవడం

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, జీవవైవిధ్య పరిరక్షణ కోసం ఏర్పడిన ఏపీ కూటమి కలిసి 2002లో వరంగల్‌లో సీజన్ పొడవునా అధ్యయనం చేయించాయి. చేసినవారు డాక్టర్ అబ్దుల్ ఖయ్యూమ్, కిరణ్ సక్కరి. సమాంతరంగా సొసైటీకి చెందిన కమ్యూనిటీ మీడియా ట్రస్టు మహిళలు, ఎక్కువమంది దళిత రైతు మహిళలే, కెమెరా పట్టుకుని అవే కుటుంబాల దగ్గరికి పదేపదే వెళ్లారు. జూలైలో ఆశగా మాట్లాడిన రైతు నవంబరులో ఏమన్నాడో అదే ముఖంతో రికార్డయింది.

పంట అయిపోయాక ఒకేసారి వచ్చి ‘ఎకరానికి ఎంత పండింది, ఎన్నిసార్లు మందు కొట్టారు’ అని అడిగే సర్వేలు ఆ కాలంలో కంపెనీల తరఫున కూడా జరిగాయి. జనవరిలో అడిగితే ఆగస్టులో పచ్చదోమకు కొట్టిన మందు రైతుకు గుర్తుండదు. మొదటిసారి మొలకెత్తక మళ్లీ కొన్న విత్తనం, గుంటుక కిరాయి, అప్పుపై వడ్డీ లెక్కలోకే రావు. అందుకే పదిహేను రోజులకోసారి, ఎక్కువలో ఎక్కువ నెలకోసారి పొలానికి వెళ్లాలి.

మొదటి ఏడాది ఫలితం ఇది: బీటీ వేసిన రైతుకు ఎకరానికి సగటున 1295 రూపాయల నష్టం, నాన్-బీటీ రైతుకు 5368 రూపాయల మిగులు. తర్వాతి ఏళ్లలో అధ్యయనాన్ని ఇతర జిల్లాలకూ విస్తరించారు. మూడేళ్ల సగటు చూస్తే పురుగుమందుల ఖర్చు బీటీలో ఎకరానికి 2571, నాన్-బీటీలో 2766. తేడా రెండు వందలు కూడా లేదు. విత్తనం మీద పెట్టిన అదనపు ఖర్చు పన్నెండు వందల దాకా.

ఎందుకిలా అయింది? క్రై1ఏసీ పనిచేసేది ప్రధానంగా పచ్చపురుగు మీద. పచ్చదోమ, పేనుబంక, తామర పురుగు, తెల్లదోమ రసం పీల్చేవి. వాటి మీద దీని ప్రభావం సున్నా. పొగాకు లద్దెపురుగు మీద అంతంతమాత్రం. కాబట్టి మొదటి రెండు నెలల పిచికారీలు తగ్గవు. ఇక పచ్చపురుగు విషయంలోనూ మొక్క వయసుతో పాటు విషం తగ్గిపోతుంది. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ కొలతల్లో, పురుగును చంపడానికి గ్రాము కణజాలంలో కనీసం 1.9 మైక్రోగ్రాముల క్రై1ఏసీ కావాలని, చాలా హైబ్రిడ్లలో 110 రోజులకల్లా అంతకంటే దిగిపోతుందని తేలింది. అది కూడా ఆకుల్లో ఎక్కువ, పురుగు నిజంగా తొలిచే కాయ పైతొక్కలో, పూత అండాశయంలో తక్కువ. తొంభై రోజులకే పరిశీలన ఆపేసిన సర్వేలో బీటీ బ్రహ్మాండంగా కనిపించడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి ప్రచారంలో తరచూ మరుగున పడుతుంది. జన్యువు వేరు, దాన్ని మోసే హైబ్రిడ్ వేరు. మెక్ రకాలకు కాయ చిన్నది, పింజ పొట్టిది అన్నది వరంగల్ రైతుల ప్రధాన ఫిర్యాదు. బెట్ట నేలల్లో అవి నిలదొక్కుకోలేదు. బీటీకి అనుకూలంగా రాసిన ఆర్థికవేత్తలు కూడా తమ సొంత సర్వేలో 2002లో మిగతా రాష్ట్రాల్లో లాభం, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ప్రతికూల ఫలితం చూశారు. కరువు, స్థానికంగా సరిపడని హైబ్రిడ్లు కారణమన్నారు. అప్పటి వ్యవసాయ మంత్రి వడ్డే శోభనాద్రీశ్వరరావు కూడా ఫలితాలు ఆశాజనకంగా లేవని ఒప్పుకున్నారు. ఎదుటిపక్షం అంకెలతో మన అంకెలు కలిసిన చోటే కేస్ బలం. ‘బీటీ విషం’ అనే గంపగుత్త మాట వదిలి ‘ఈ హైబ్రిడ్ ఈ నేలకు పనికిరాదు’ అని నిర్దిష్టంగా చెప్పగలిగారు కాబట్టే రాష్ట్ర వ్యవసాయ శాఖ కూడా అదే మాట పైకి రాయగలిగింది. 2005లో జీఈఏసీ మూడు రకాలనూ ఆంధ్రప్రదేశ్‌లో నిలిపేసింది. మెక్-12ను దక్షిణాది మొత్తంలో ఆపింది.

పొలంలో ఎలా కొలవాలి

జంటలుగా ఎంచుకోవాలి: ఒక బీటీ పొలం, దాని పక్కనే ఒక పోలిక పొలం. ఒకే రకం నేల, ఒకే నీటి వసతి, విత్తిన తేదీల్లో వారానికి మించని తేడా. చెలక జంటల్నీ నల్లరేగడి జంటల్నీ కలిపి సగటు తీయకూడదు. ఇప్పుడు నాన్-బీటీ హైబ్రిడ్ దొరకడమే కష్టం కాబట్టి పోలికకు మరో కంపెనీ హైబ్రిడ్‌నైనా, దేశీ రకాన్నైనా తీసుకోవాలి. ఏదో ఒకటి పక్కన ఉండి తీరాలి, లేకపోతే ‘వానల్లేక పోయింది’ అన్న ఒక్క వాక్యంతో మొత్తం కొట్టేస్తారు.

ఎకరంలో మూల నుంచి మూలకు నడుస్తూ ఐదు చోట్ల ఆగి, చోటుకు నాలుగు చొప్పున ఇరవై మొక్కలకు రంగు గుడ్డ పీలిక కట్టాలి. ప్రతిసారీ అవే మొక్కలు చూడాలి. బాగున్నవాటిని ఏరుకోవడం మనిషి నైజం, ఆ పీలిక దాన్ని ఆపుతుంది. 90×60 సెంటీమీటర్ల ఎడంలో ఎకరానికి సుమారు 7,500 మొక్కలు పడతాయి. మొలక లెక్కించేటప్పుడు గుంతకు ఎన్ని గింజలు వేశారో, మళ్లీ ఎన్ని చోట్ల పోగుంటలు నింపారో రాయాలి.

60, 90, 110, 130, 150 రోజులకు లెక్క. మొక్కకు గూడ (మొగ్గ), పూత, కాయలు, రాలినవి, ఎండు తెగులు వచ్చినవి, ఆకు ఎర్రబారినవి. బెట్ట తర్వాత ఒక్కసారిగా పెద్ద వాన పడితే మొక్క రెండు మూడు రోజుల్లో వడలిపోతుంది. దీన్ని పారా విల్ట్ అంటారు. ఇది శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు కాదు. రెండింటినీ ఒకే గడిలో రాస్తే తర్వాత శాస్త్రవేత్త ముందు నోరు మెదపలేం. తేడా చూడాలంటే కాండాన్ని నిలువుగా చీల్చాలి. శిలీంధ్రమైతే లోపలి నాళాలు గోధుమరంగుకు మారి ఉంటాయి. పారా విల్ట్‌లో అలా ఉండదు, వేరు కూడా కుళ్లి ఉండదు.

కాయ కోసి చూడటం అన్నిటికంటే ముఖ్యం. ఇరవై మొక్కల నుంచి మొక్కకొకటి చొప్పున, పూత అయ్యాక పదిహేను ఇరవై రోజుల వయసున్న పచ్చి కాయలు కోయాలి. తొనల గీత వెంట కత్తితో విప్పాలి. పచ్చపురుగు అయితే కాయ మీదే గుండ్రటి రంధ్రం, దాని అంచున తడి విసర్జన కనిపిస్తాయి. గులాబీ రంగు పురుగుకు బయట ఏ గుర్తూ ఉండదు. కాయ నిగనిగలాడుతూ ఉంటుంది. లోపల తొన గోడ మీద సన్నని పొక్కులు, పసుపు మరకపడ్డ దూది, గింజలో తల దూర్చిన పురుగు ఉంటాయి. సీజన్ చివర్లో రెండు గింజలు అతుక్కుని ఉంటే వాటి మధ్యలో పురుగు పడుకుని ఉంటుంది. బయట నుంచి చూసి ‘కాయ బాగానే ఉంది’ అని రాసిన రిపోర్టులు ఎన్నో ఇలాగే తప్పాయి. ఇరవైలో రెండు కాయలు దెబ్బతింటే పదిశాతం, అంటే మందు వేయాల్సిన స్థాయి. విచ్చుకోని గుడ్డిపూలు నూటికి పది ఉన్నా అంతే.

దీనితో పాటు 45 రోజుల నుంచి ఎకరానికి రెండు లింగాకర్షక బుట్టలు పెట్టి, రోజూ పడిన మగ రెక్కల పురుగులను లెక్కపెట్టాలి. వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిది చొప్పున పడితే హెచ్చరిక. ఎర గొట్టాన్ని గడువులోగా మార్చకపోతే బుట్ట ఖాళీగా ఉంటుంది, ‘పురుగు లేదు’ అని రాసుకుంటాం. మార్చిన తేదీ బుట్ట మీదే మార్కర్‌తో రాయాలి.

దిగుబడికి కోత ప్రయోగాల కంటే ప్రతి ఏరుడునీ తూకం వేయడం నమ్మకం. మూడు నాలుగు సార్లు ఏరతారు. కూలీలకు కిలో లెక్కన కూలి ఇస్తారు కాబట్టి ఎలాగూ తూకం జరుగుతుంది, ఆ చిట్టానే తీసుకోవాలి. చిన్న కాయ అయితే అంతే పత్తికి ఎక్కువ సమయం పడుతుంది, కూలీలు రేటు పెంచమంటారు. ఈ తేడా ఖర్చులో రావాలి. అమ్మకం లెక్కకు తక్‌పట్టీ, అంటే మార్కెట్‌లో ఇచ్చే అమ్మకం చిట్టీ: తేదీ, బస్తాల సంఖ్య, తూకం, ధర, హమాలీ, కమీషన్ కోతలు అన్నీ అందులో ఉంటాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒకే రోజు రెండు రకాల పత్తికి పలికిన ధరలు పక్కపక్కన పెడితే పింజ పొట్టిదన్న మాటకు వేరే రుజువు అక్కర్లేదు.

కరువా, విత్తనమా

2002 దేశమంతటా కరువు ఏడాది. జూలైలో దేశంలో కురవాల్సిన వానలో సగమే కురిసింది. విత్తనం విఫలమైందన్నప్పుడల్లా వచ్చిన జవాబు ఇదే. వాతావరణ న్యాయం అన్న మాట సభల్లో పెద్దదిగా వినిపిస్తుంది గానీ పొలంలో దాని అర్థం చాలా చిన్నది: వాన తప్పినప్పుడు ఎవరి పెట్టుబడి పోతుంది? విత్తనం ధర, అందులో జన్యువు రాయల్టీ విత్తకముందే వసూలైపోతాయి. బెట్ట తాలూకు నష్టం మొత్తం రైతుది, పొలం కౌలుదైతే కౌలురైతుది. 

ఈ వాదన నెగ్గాలంటే వాన లెక్క మన దగ్గర ఉండాలి. మండల కేంద్రంలో పడిన వాన మన ఊళ్లో పడకపోవచ్చు. గీతలున్న ప్లాస్టిక్ వానమాపిని చెట్లకీ గోడలకీ దూరంగా నేలకు అడుగు పైన నిటారుగా పాతి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చదవాలి. 2.5 మిల్లీమీటర్లకు తక్కువైతే వాన రోజుగా లెక్కించరు. ఎన్ని రోజులు బెట్ట ఉందో, అది పూత దశలోనా కాయ దశలోనా అన్నది విడిగా రాయాలి. దీన్ని మండల ఆటోమేటిక్ కేంద్రం లెక్క పక్కన పెట్టాలి. అప్పుడు వాన వల్ల పోయిందెంత (జంటలో రెండు పొలాలకూ సమానంగా తగ్గినంత), విత్తనం వల్ల పోయిందెంత (బీటీలో అదనంగా తగ్గినంత) అని విడదీయొచ్చు. ఈ విభజన లేని ఫిర్యాదు విచారణలో నిలవదు.

డబ్బు దగ్గర ఎందుకు తెగిపోయింది

పొలం లెక్కలు అనుమతిని ఆపగలిగాయి గానీ రైతు చేతికి డబ్బు ఇప్పించలేకపోయాయి. విత్తనం విఫలమైతే పరిహారం ఇచ్చేలా రాష్ట్ర ప్రభుత్వం కంపెనీలతో ఒప్పందాలు రాయించుకుంది. ఆ లెక్కన వరంగల్ రైతులకు మూడు కోట్లకు పైగా ఇవ్వాలని వ్యవసాయ శాఖ కోరింది. కంపెనీ కాదంది. రాష్ట్రం ఆ రకాల అమ్మకం ఆపించింది. రైతుల నష్టం రైతుల దగ్గరే ఉండిపోయింది.

ఇలాంటి కేసులన్నిటిలో తెగే చోట్లు మూడు. ఒకటి, బిల్లు. అరువు మీద తెచ్చుకున్న రైతుకు దుకాణదారు చిట్టీ మాత్రమే ఇస్తాడు. లేదా పట్టాదారు పేరున బిల్లు, సాగు కౌలుదారుది. రెండు, ప్యాకెట్. విత్తిన రోజే ఖాళీ సంచి పొలంలో ఎగిరిపోతుంది. లాట్ నంబరు, గడువు తేదీ, ముద్రించిన మొలక శాతం, లేబుల్ అన్నీ దాని మీదే ఉన్నాయి. మూడు, అధికారి తనిఖీ. పంట పీకేశాక వచ్చి చేసే తనిఖీ పనికిరాదు.

విత్తే రోజే చేయాల్సినవి: ధర ఒక్కటే కాకుండా రకం పేరు, లాట్ నంబరు రాసిన పక్కా బిల్లు, సాగు చేసేవాడి పేరు మీద. ప్యాకెట్‌కు రెండువైపులా ఫోటో. సంచి అడుగున ఇరవై ముప్పై గింజలు వదిలి, నోరు మడిచి, బిల్లుతో కలిపి కాగితపు కవర్లో పెట్టి, ఊళ్లో ఇద్దరి సంతకాలతో మూసేయడం. ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమకు బూజు పడుతుంది. తేడా కనిపించగానే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకుని, పంట నిలబడి ఉండగానే శాస్త్రవేత్తతో కలిసి తనిఖీ చేయించి, పంచనామా నకలు తీసుకోవాలి. డీలర్‌కు ముందుగా నోటీసు వెళ్లాలి. వెళ్లలేదంటే ‘మాకు తెలియకుండా జరిగింది’ అంటారు.

గింజలు మిగల్లేదని భయపడనక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు మూడు విషయాలు తేల్చింది: రైతు వినియోగదారుడే, విత్తన చట్టం ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చు, కొన్నదంతా విత్తేసిన రైతు ల్యాబ్ పరీక్షకు గింజ దాచలేదని ఫిర్యాదు కొట్టేయకూడదు. అధికారి తనిఖీ నివేదిక సాక్ష్యంగా చెల్లుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వరంగల్ రైతులకు 2002లో ఈ తీర్పు లేదు. ఇప్పుడున్నా వాడుకునేవాళ్లు తక్కువే.

2006 ఫిబ్రవరి, మార్చిలలో వరంగల్ జిల్లాలో ఏరిన బీటీ పత్తి చేలల్లో మేసిన గొర్రెలు చనిపోయాయని కాపరులు చెప్పారు. దేశమంతా వార్త అయింది. కానీ జీఈఏసీ బీటీకి సంబంధం లేదంది. నైట్రేట్లు, హైడ్రోజన్ సయనైడ్, పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చంది. ఏది నిజమైనా, సాక్ష్యం సేకరించిన తీరు కాపరుల పక్షాన లేదు. గొర్రె చచ్చిన కొన్ని గంటల్లోపు పశువైద్యుడితో పోస్టుమార్టం జరగాలి. కాలేయం, మూత్రపిండం ముక్కలు రెండు భాగాలుగా తీయాలి: కణజాల పరీక్షకు పదిశాతం ఫార్మలిన్‌లో, విషం పరీక్షకు మందు కలపకుండా ఐసులో. ఫార్మలిన్‌లో వేసినదాన్ని విషం పరీక్షకు పంపితే ఫలితం రాదు. కడుపులో మేత పావుకిలో, మేసిన చేలోని ఆకులు, పక్కన బీటీ కాని చేలోని ఆకులు, తాగిన నీళ్లు, వారం రోజుల్లో ఆ చేలో కొట్టిన మందు వివరం కూడా కావాలి. అదే ఊళ్లో అటు వెళ్లని మంద సంగతి రాయాలి. ఇవేవీ లేకుండా పెద్ద ఆరోపణ చేస్తే, అది తేలిపోయినప్పుడు పక్కనున్న గట్టి లెక్కల మీద కూడా అనుమానం పడుతుంది.

ధర మీద పోరాటం దీనికి పూర్తిగా విరుద్ధం. ఇక్కడ కావలసిన కాగితాలన్నీ ముందే ఉన్నాయి. అప్పటికి 1850 రూపాయలున్న ప్యాకెట్‌లో 1250 జన్యువు రాయల్టీయే. 2006 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది. మే నెలలో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది, ఆ నెలాఖరుకే ప్యాకెట్ ధర 750గా రాష్ట్రం ప్రకటించింది. మరుసటి ఏడాది పత్తి విత్తనాల ధర నిర్ణయించే చట్టం తెచ్చింది. 2015 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ధర నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. 2025–26కు బీజీ-2 (రెండు బీటీ జన్యువులున్న పత్తి) ప్యాకెట్ గరిష్ఠ ధర 901. పత్తి రైతులందరి జేబుకూ చేరిన ఒకే ఒక్క గెలుపు ఇదే అనుకుంటాం.

హెచ్‌టీ పత్తి: బిల్లే లేని విత్తనం

గ్లైఫోసేట్ కొట్టినా చావని హెచ్‌టీ పత్తికి దేశంలో అనుమతి లేదు. అయినా ఏళ్లుగా లూజు సంచుల్లో, పేరులేని ప్యాకెట్లలో ఊళ్లలోకి వస్తోంది. కలుపు కూలీ ఖర్చు భరించలేక రైతు కొంటున్నాడు, ఆ బాధ నిజమైనదే. కానీ పై మూడు తెగే చోట్లూ ఇక్కడ ముందే తెగి ఉన్నాయి: బిల్లు లేదు, లాట్ లేదు, ఫిర్యాదు చేస్తే కొన్నవాడూ తప్పుచేసినట్టే మాట్లాడతారు. పైగా పక్క చేలోని కంది, పెసర మీద గ్లైఫోసేట్ తుంపర పడితే మాడిపోతాయి. పత్తి సాళ్ల మధ్య కంది సాలు వేయడం, గట్ల మీద ఆకుకూరలు ఏరుకోవడం ఆగిపోతాయి. ఇంట్లో పప్పూ కూరా కొనుక్కోవాల్సి వస్తుంది.

ఊళ్లో పరీక్షకు స్ట్రిప్ కిట్లు ఉన్నాయి. గొట్టం మూతను లేత ఆకు మీద నొక్కితే బిళ్లలా ఆకు ముక్క లోపల పడుతుంది. ద్రావణం పోసి నలిపి స్ట్రిప్ ముంచాలి. ఐదు పది నిమిషాల్లో పైగీత వస్తే పరీక్ష సరిగ్గా జరిగినట్టు, కింద రెండో గీత వస్తే గ్లైఫోసేట్‌ను తట్టుకునేలా చేసే సీపీ4 ఈపీఎస్‌పీఎస్ ప్రోటీన్ ఉన్నట్టు. పైగీత రాకపోతే స్ట్రిప్ చెడిపోయింది, ‘లేదు’ అని రాయకూడదు. ముదురు ఆకు, ఎండకు వడలిన ఆకు తీసుకుంటే ఉన్నా కనిపించదు. శుద్ధి చేసిన విత్తనమైతే రంగు పూత ద్రావణాన్ని పాడుచేస్తుంది, పొట్టు ఒలిచి పప్పు నలపాలి. పొలంలో ఒక్క మొక్క చాలదు. కల్తీ విత్తనంలో కొన్ని మొక్కలే హెచ్‌టీ ఉంటాయి, కాబట్టి పీలిక కట్టిన ఇరవై మొక్కల నుంచీ విడివిడిగా చూడాలి.

స్ట్రిప్ ఫలితం అధికారిని కదిలించడానికే, కోర్టుకు కాదు. కోర్టుకు విత్తన ఇన్‌స్పెక్టర్, అంటే మండల వ్యవసాయ అధికారి, 1966 విత్తన చట్టం ప్రకారం సాక్షుల ముందు నమూనా తీయాలి. దాన్ని మూడు భాగాలు చేసి సీలు వేసి ఒకటి అమ్మినవాడికి, ఒకటి విత్తన విశ్లేషకుడికి, ఒకటి తన దగ్గర ఉంచుకోవాలి. మనం తీసి పంపిన నమూనాకు ఆ విలువ రాదు. ఫిర్యాదులో రైతు పేరు రాయొద్దు, సరఫరా దారి రాయాలి: ఏ రోజు, ఏ వాహనం, ఏ సంత.

వేరే దారి చూపాలి

నిఘాతో పాటు ఇంకో పని జరగకపోతే రైతు మళ్లీ అదే దుకాణానికి వెళ్తాడు. అప్పటి వరంగల్ జిల్లా ఏనెబావిలో యాభై పైచిలుకు కుటుంబాలు సుమారు 280 ఎకరాల్లో పురుగుమందులు, రసాయన ఎరువులు, జన్యుమార్పిడి విత్తనం మూడూ వదిలేశాయి. పని మొదలైంది ఆముదం చేలల్లో ఎర్రగొంగళి పురుగుతో. తొలకరికి రెక్కల పురుగులు బయటికి వచ్చే రాత్రుల్లో ఊరంతా ఒకేసారి మంటలు వేయాలి, ఒక్కరు వేస్తే ప్రయోజనం లేదు. పత్తిలో అయితే వేపగింజల కషాయం: ఐదు కిలోల పప్పు పొడిని గుడ్డమూటలో కట్టి పది లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి వడకట్టి, వంద గ్రాముల సబ్బుపొడితో వంద లీటర్లు చేసి సాయంత్రం కొట్టాలి. నిరుటి కంటే పాత గింజలు, బూజు పట్టినవి పనిచేయవు. ఎండలో కొడితే పురుగు మీద పనిచేసే వేప పదార్థం, అజాడిరక్టిన్, విరిగిపోతుంది.

స్ట్రిప్ పట్టుకోలేని విత్తనం

2022 మార్చిలో కేంద్రం, బయటి జన్యువు మిగలకుండా సవరించిన మొక్కలను జన్యుమార్పిడి జీవులపై ఉన్న 1989 నిబంధనల్లోని ప్రధాన షరతుల నుంచి మినహాయించింది. 2025 మే 4న అలాంటి రెండు వరి రకాలను ప్రకటించారు. ఒకటి హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థది: మన సాంబమసూరి నుంచి చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, పిలుపు పేరు కమల. తల్లి రకం కంటే ఇరవై రోజులు ముందు కోతకొస్తుందని, దిగుబడి ఎక్కువని సంస్థ చెబుతోంది. ఇందులో కొత్త ప్రోటీన్ లేదు కాబట్టి ఏ స్ట్రిప్పూ గీత చూపదు. మామూలు సాంబమసూరిలో కలిసిపోయినా చూసి చెప్పలేం.

అందుకే ఇక్కడ ల్యాబు పరీక్ష కంటే కాగితం, పొలం జంట ఇవి రెండే ఆధారం. సాంబమసూరి సొంత విత్తనం ఉంచుకునే సంఘాలు ఇప్పుడే ఊరికి రెండు మూడు కిలోలు, పండించిన రైతు, తేదీ, పొలం సర్వే నంబరు రాసి, బాగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టాలి. ఏటా కొంత నాటి కొత్తది నింపాలి. కొత్త రకం ఊళ్లోకి వస్తే దుకాణం బిల్లు మీద ‘సాంబ’ అని మాత్రమే కాకుండా రకం పూర్తి పేరు రాయించుకోవాలి. పక్కపక్క మళ్లలో ఒకే రోజు నారు పోసి, వెన్ను పడిన రోజు, కోత రోజు, వెన్నుకు గింజలు, తాలు శాతం, మరలో పట్టించాక నూక శాతం రాసుకోవాలి. మంచి నేలలోనూ చౌడులోనూ విడిగా.